పదకొండో పెట్టె

నేను పెంచి చెబుతాను. ముందే ఒప్పేసుకుంటే తర్వాత మీకూ నాకూ పేచీ ఉండదు. ఇది అలవాటు కాదు, పొట్టకూటి విద్య. మదనపల్లె టమోటా మండీలో వేలం పాట పాడేవాణ్ణి. ఎవరో ఒక ధర అంటారు, దాన్ని ఉన్నచోట ఉండనీయకపోవడమే నా ఉద్యోగం. పొద్దున ఎక్కిన గొంతు సాయంత్రానికి దిగదు. ఇంట్లో రెండు దోమలు కనిపిస్తే దండు దిగిందంటాను. నాలుగు చినుకులు పడితే చెరువు తెగిందంటాను. నేను పది అంటే మా ఆవిడ రెండున్నర అనుకుంటుంది. మీరూ అదే లెక్కన చదవండి. కాకపోతే పెంచడం వేరు, కల్పించడం వేరు. ఇందులో ఒకచోట కల్పించాను. ఎక్కడో చివర్లో చెబుతాను. ముందే చెబితే మీరు మిగతాది చదవరు.

మా అక్క కూతురు ఇంటర్ చదవడానికి సోమల నుంచి వచ్చి మా ఇంట్లో ఉండేది. పదహారేళ్ల పిల్ల. కూర్చోవడం అనే విద్య దానికి ఎవరూ నేర్పలేదు. అన్నం నిలబడి తినేది, పాఠం నడుస్తూ చదివేది. ఏ వస్తువూ చేతికి ఇచ్చేది కాదు, విసిరేది. మా ఆవిడ వంటింట్లోంచి ఉల్లిగడ్డ అడిగితే ఇది వీధి వాకిట్లోంచి వేసేది. అది హాలు దాటి, నా తల దాటి, పోపుల డబ్బా పక్కన వాలేది. ఇది మాత్రం పెంచింది కాదు. నా తల మీదుగానే పోయింది కాబట్టి గట్టిగా చెప్పగలను.

ఆ విసురుడు జబ్బుకు మూలం అమెరికాలో ఉంది. అక్కడ ఆడవాళ్లు జీతం తీసుకుని బాస్కెట్‌బాల్ ఆడతారు. కాలేజీ ఆట ముగించి ఆ పోటీల్లోకి కొత్తగా వచ్చిన అమ్మాయి ఒకతె ఉంది. పేరు చెప్పను. ఇందులో ఎవరి పేరూ చెప్పను, పేరు పెట్టాక పెంచితే మనుషులు ఇంటికొస్తారు. ఆ అమ్మాయి గొప్పతనమల్లా దూరం. మిగతావాళ్లు రింగు దగ్గరికి పోయి బంతి వేద్దామని ఇంకా అనుకుంటూ ఉండగానే, ఆమె ఎక్కడో వెనక నిలబడి, పక్కింటి గోడ మీదికి పాత చెప్పు విసిరినంత తేలిగ్గా వదిలేస్తుంది. ఆమె రాకముందు ఆడవాళ్ల ఆటకు హాల్లో కుర్చీల మీద కాళ్లు చాపుకుని పడుకోవచ్చట. ఇప్పుడు ఆమె వస్తోందంటే అవతలి జట్టు తన చిన్న హాలు వదిలేసి పెద్ద హాలు వెతుక్కుంటుందట. ముసలివాళ్లు కూడా ఆమె పేరున్న బనీను తొడుక్కుని వస్తారట.

వాళ్ల సాయంత్రం మనకు తెల్లవారుజాము. కోడి లేవకముందే నా మంచం ఊగేది.

"మామా, ఫోనియ్యి. బిన్నా ఇయ్యి, మొదలైపోతాండాది."

ఫోను చేతికొచ్చాక నా వెంటే మండీకి వచ్చేది. లారీ పక్కన నిలబడి అది ఆట చూస్తుంటే హమాలీలు చుట్టూ మూగేవాళ్లు. వాళ్ల మేస్త్రీ, మీసాలు చెవులదాకా ఉన్న మనిషి, ఒకరోజు చూసి చూసి నిట్టూర్చాడు.

"ఆ పాప మన కాడుంటే లారీ ఎక్కే పనే లేదప్పా. పెట్టె ఈడ నించే ఏసేస్తాది."

"ఆయమ్మ ఒక్కతే గొప్పదా మామా? అంతకుముందు ఆడినోళ్లూ గొప్పోళ్లే," అంది మా పిల్ల. "సూసేవాళ్లు లేకపాయె, అంతే."

ఆ మాట ఎందుకో నన్ను ఆ పొద్దంతా ఒకచోట నిలవనీయలేదు. పాట పాడుతూ మధ్యలో ధర మర్చిపోయాను.

మా పిల్లకు ఆట నేర్పేది పుంగనూరులో ఒక డ్రిల్లు మేడం. ఆదివారాలు బస్సెక్కి పోయేది. ఆ మైదానంలో స్తంభాలున్నాయి, రింగులు లేవు. వెల్డింగుకని విప్పుకుపోయిన రింగులు ఎన్నేళ్లయినా తిరిగి రాలేదు. అందుకని మేడం పరుగులూ, బంతి తట్టడమూ, ఒకరికొకరు అందించుకోవడమూ నేర్పేది. ఒకప్పుడు అయిదారుగురు వచ్చేవాళ్లు. అమెరికా అమ్మాయి ఫోన్లలోకి ఎక్కాక నాలుగు వందల మంది అయ్యారు. సరే, నలభై.

"అందురూ దూరం నించే ఏస్తామంటాండారన్నా," అని మేడం నా దగ్గర తల పట్టుకుంది. "రింగు కిందికి పొయ్యేదెవురు? వాళ్ల నాయినా?"

రింగే లేని చోట ఎవరు పోయినా ఒకటే అని నేను అనలేదు. గమ్మున వచ్చేసి మండీలో వెనకవైపు ఖాళీ స్థలం చూశాను. ఇనుప రింగు చేయించాను. పాత తలుపు చెక్క దొరికింది. నేల నుంచి పది అడుగుల ఎత్తున పెట్టాలని పిల్ల చెప్పింది. మా దగ్గర టేపు ఎందుకుంటుంది? మండీలో టమోటా పెట్టె అంటే అడుగు, అడుగంటే పెట్టె. మేస్త్రీ స్తంభం పక్కన పది పెట్టెలు పేర్చాడు. పేర్చి, ఒక్క క్షణం చూసి, పదకొండోది ఎక్కించాడు.

"అదెందుకప్పా?"

"కొసరు. పాప ఆడుకొనేదానికి గీసిగీసి కొలుస్తామా?"

కొసరు లేని కొలత మా మండీలో లేదు. తూకం అయ్యాక పైన దోసెడు పండ్లు పడకపోతే రైతుకూ మర్యాద లేదు, కొన్నవాడికీ తృప్తి లేదు. నాకు అది ఎంత సబబుగా తోచిందంటే, దూరం నుంచి బంతి వేసేవాళ్లు నిలబడే గీత నేనే గీస్తానని దిగాను. రింగు నుంచి ఇరవై రెండు అడుగులకు పైచిలుకు అంది పిల్ల. అంగలు వేశాను. నా అంగ ఎంతో నాకు తెలియదు, కానీ పెద్దదని ఎప్పుడూ చెప్పుకుంటాను. లెక్క అయ్యాక కొసరుకు ఇంకో మూడు అంగలు వేసి సుద్దముక్కతో గీత గీశాను.

"అమెరికాలో కూడా ఇంతేనా మామా?"

"వెంట్రుకవాసి తేడా లేదు," అన్నాను వేలం గొంతుతో.

మొదటి నెల బంతి రింగు దాకా పోలేదు. పిల్లకు భుజాలు వాచాయి. రెండో నెల చెక్కకు తగిలింది. తర్వాత ఎప్పుడో, నేను చూడని ఏదో పూట, పడింది. ఇక ఆగలేదు. బంతి నిట్టనిలువుగా లేచేది, మబ్బుల్లో కాఫీ తాగి, నిదానంగా దిగి రింగులో కూర్చునేది.

ఒకరోజు లోడు వేసుకుని మా బావ వచ్చాడు. పిల్ల తండ్రి, సోమలలో రైతు. పెట్టె మీద కూర్చుని కూతురు బంతి వేయడం చాలాసేపు చూశాడు.

"ఏం బామ్మరిదీ, దీన్నాడితే జీతమిస్తారా?"

"అమెరికాలో ఇస్తారు బావా."

"మొగోళ్లకిచ్చినంతా?"

"లేదు. దానికే కొట్లాడతాండారు."

"హాలు నిండినా ఈయరా?"

"నిండినా ఈయరు."

"అట్లయితే అది టమోటా మాదిరే," అన్నాడు బావ. లేచేటప్పుడు చెప్పాడు. కుప్పంలో ఎంపిక పోటీ ఉందని మేడం తనకు కబురు పెట్టిందట. అక్కడ ఎంచుకున్న పిల్లల్ని ఆటల హాస్టల్లో పెట్టి నేర్పుతారు. "ఆడ తీసుకుంటే పోనీ. తీసుకోకపోతే బంతి నీ ఇంట్లోనే పెట్టుకో, పాప సోమలకు వచ్చేస్తాది. దినాము బస్సులో పుంగనూరు పొయ్యి డిగ్రీ సదువుకుంటాది. మళ్ల ఈ మాటెత్తితే నాకూ నీకూ పడదు."

పిల్ల విన్నది. ఆ రోజు నుంచి వస్తువులు విసరడం మానేసి చేతికి ఇవ్వడం మొదలుపెట్టింది. ఇంట్లో మాకు భయమేసింది.

కుప్పం ప్రయాణం మదనపల్లె నుంచి మూడు జన్మలు. పుంగనూరులో బావా, మేడమూ, తక్కిన పిల్లలూ ఎక్కారు. పలమనేరులో బస్సు మారాం. బైరెడ్డిపల్లె దాటేసరికి నా కాలు దానంతటదే ఊగుతోంది. బావ దాని మీద చెయ్యి వేసి అదిమిపెట్టాడు. "నువ్వా ఆడేది?" అన్నాడు. చెయ్యి తీయగానే మళ్లీ ఊగింది. పిల్ల కిటికీ పక్కన బంతిని ఒళ్లో పెట్టుకుని, వేళ్లతో దాని చారలు తడుముతూ కూర్చుంది. అవును, కూర్చుంది.

మైదానంలో పిల్లలు ఒళ్లు వేడెక్కించుకుంటుంటే నాకు ఏదో తేడా కనిపించింది. అవతలి జట్టులో ఒక పొడుగు పిల్ల ఎగిరి రింగు కింద వల ముట్టుకుంది. మా మండీలో మేస్త్రీ పెట్టె ఎక్కి ఎగిరినా వల అందదు. పక్కన నిలబడ్డ నిర్వాహకుణ్ణి గోకాను.

"ఏమప్పా, ఈ రింగు కిందికి జారినట్టుండాదే?"

"లేదు సార్, పదడుగులు కరెక్టు. నిన్న టేపు పెట్టి సూసినాము. యాడైనా ఇంతే."

వేళ్ల మీద మా పెట్టెలు లెక్కపెట్టుకున్నాను, పది వేళ్లూ అయిపోయాక ఒక పెట్టె మిగిలింది.

ఆట మొదలైంది. మా పిల్ల గీత దగ్గర నిలబడి మొదటి బంతి వేసింది. అది రింగు దాటి, చెక్క దాటి, వెనక నీళ్ల డ్రమ్ములో పడింది. రెండోది వంటవాళ్ల గంగాళం దాకా పోయింది. మూడోది ఎక్కడ పడిందో ఇంకా వెతుకుతున్నారు. జనం మూడు భాషల్లో నవ్వారు. కుప్పంలో నవ్వుకు కూడా తెలుగు, తమిళం, కన్నడం అన్నీ ఉంటాయి.

"పాప రింగులోకి ఏస్తాందా, కర్ణాటకాకు ఏస్తాందా?" అన్నాడు బావ. నవ్వుతూ అనలేదు. తుండుగుడ్డ మడిచి భుజం మీద వేసుకున్నాడు, లేచి పోయేవాడిలా.

సగం ఆట అయ్యాక విరామం ఇచ్చారు. నేను మెట్ల మీంచి గబగబా దిగి పిల్ల దగ్గరికి పోయాను. ఎదురుగా గొంతుక్కూర్చుని చెప్పేశాను.

"అమ్మణ్ణీ, తప్పు నీ చేతిది కాదు, నా కొలతది. మన రింగు ఎత్తు, మన గీత దూరం. కొసరు ఏసినాము. నువ్వు నాలుగడుగులు ఎనక్కి పో."

అది నన్ను చూసింది. "ఇన్నాళ్లు యాల చెప్పలేదు?"

"నాకే ఇప్పుడు తెలిసె."

"ఎచ్చులు పొయ్యి పొయ్యి నా కొంప ముంచితివి కదా మామా," అంది. నవ్వింది కూడా.

రెండో సగంలో పిల్ల వెనక్కి నడిచింది. గీత దాటి, ఇంకా వెనక్కి, మైదానం నడుమ గుండ్రం గీసిన చోటికి దగ్గరగా పోయింది. "యాడికి పోతాండావు? ముందుకు రా!" అని మేడం గొంతు చించుకుంది. అవతలివాళ్లు ఎవరూ దాని వెంట పోలేదు. అంత దూరాన కాపలా ఎవరు కాస్తారు? బంతి చేతికొచ్చింది. నిట్టనిలువుగా లేచింది. నేను కళ్లు మూసుకున్నాను. వల సర్రుమంది.

మళ్లీ వేసింది. మళ్లీ పడింది. నవ్వినవాళ్లే ఇప్పుడు మూడు భాషల్లో ఈలలు వేశారు. అవతలి జట్టు ఇద్దర్ని పంపింది దాని మీదికి. అప్పుడు చూడాలి. ఆ ఇద్దరూ వచ్చేసరికి రింగు కింద మా బక్క పిల్ల ఒకతె ఒంటరిగా మిగిలిపోయింది. మావాళ్లెవరూ పోరని మేడం తల పట్టుకున్న చోటే. బంతి వాళ్లిద్దరి తలల మీదుగా పోయి ఆ పిల్ల చేతుల్లో వాలింది. అది నింపాదిగా రింగులో పెట్టింది. అమెరికా హాళ్లలో జనం ఎందుకు లేచి నిలబడతారో నాకు ఆ నిమిషాన అర్థమైంది. దూరం నుంచి వేసే ఒక్కతె వల్ల మిగతా నలుగురికీ చోటు దొరుకుతుంది.

గెలిచామా అంటే లేదు. రెండు పాయింట్లతో ఓడాం. మధ్యాహ్నం ఎంచుకున్నవాళ్ల చీటీ చదివారు. మా పిల్ల పేరు చివరిది. మేడం ఏడ్చింది. పిల్ల ఏడవలేదు, బంతిని నేలకు కొడుతూ నిలబడింది. బావ చాలాసేపు తుండుగుడ్డను ఆ భుజం నుంచి ఈ భుజానికి మార్చుకున్నాడు.

"ఆ హాస్టల్లో సంగటి పెడతారా, ఉత్త అన్నమేనా?" అని మేడాన్ని అడిగాడు. నా వైపు తిరిగి, "జీతమిచ్చే ఆట మన దేశంలో యాడుండాదో కనుక్కో," అన్నాడు.

ఇక కల్పించింది చెప్పాలి.

నీళ్ల డ్రమ్ము నిజం. గంగాళం పెంచింది. దూరం నుంచి వేసినవి పడ్డది నిజం, ఓడింది నిజం, సంగటి నిజం. విరామంలో నేను దిగి పోయిన సంగతే కల్పించింది. నేను లేవలేదు. బావ పక్కన కూర్చుని ఉన్నాను. నోరు తెరిస్తే తప్పు నాదని ఆయనకు తెలుస్తుందని భయపడి, ఊగుతున్న కాలును రెండు చేతులా పట్టుకుని అక్కడే ఉన్నాను. కింద ఆ పిల్ల విరామమంతా తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంది, ఆ చెయ్యి తనది కాదేమో అన్నట్టు. ఎవరూ ఏమీ చెప్పలేదు. ఈల వేయగానే తనే లేచింది. తనే వెనక్కి నడిచింది.

నవ్వుతూ నన్ను తిట్టిందని రాశాను కదా, అట్లా తిట్టి ఉంటే బాగుండేదని రాసుకున్నాను. ఇప్పటికీ ఆ కొలత సంగతి దానికి నేను చెప్పలేదు. ఇది అచ్చయ్యే పత్రిక హాస్టలుకు కూడా పోతుందని విన్నాను. ఫోను మోగినప్పుడల్లా లేచి నిలబడుతున్నాను.