మునెమ్మ డజను

మా అత్త మునెమ్మను వెంటబెట్టుకుని మార్కెట్‌కు వెళ్లడమంటే కొరివితో తల గోక్కోవడమే. హోసూరులో ఆమె కొసరు అడగని వ్యాపారి లేడు. కొత్తిమీరకు కొసరు, మల్లెపూలకు కొసరు. ఒకసారి మందుల షాపులో కూడా "ఇంకో మాత్ర ఎయ్యప్పా" అంది. నేను బడిలో ఇంగ్లీషు టీచర్ని. ఆ మార్కెట్‌కు వచ్చేవాళ్లలో సగం మంది నా దగ్గర చదివే పిల్లల తల్లిదండ్రులే. సిగ్గుతో చచ్చిపోతాను.

అరటిపండ్ల దగ్గరైతే ఆమె పట్టు మరీ గట్టిది. ఆమె లెక్కలో డజనంటే పదమూడు.

ఒకరోజు విసిగిపోయి పాఠమే చెప్పాను. డజను అనే మాట లాటిన్‌లో 'రెండూ పదీ' అనే మాట నుంచి పుట్టిందనీ, ఫ్రెంచివాళ్ల నోట నలిగి ఇంగ్లీషుకు వచ్చిందనీ, అందులో ఇంకొకదానికి చోటే లేదనీ. అంతటితో ఆగానా? పాత ఇంగ్లండులో రొట్టెలు అమ్మేవాళ్లు, తక్కువిస్తే శిక్ష పడుతుందని భయపడి డజనుకు పదమూడు ఇచ్చేవారంటారని కూడా చెప్పాను.

ఇంకేం! మర్నాడే పండ్ల సోమప్పను నిలదీసింది.

"ఇంగ్లీషోల్లే పదమూడు ఇచ్చినారంట. మా కోడలు టీచరమ్మ చెప్పింది. నీకేం వచ్చిందప్పా?"

మొన్న ఆదివారం సోమప్ప కొత్త కాటా పెట్టాడు. ఇక అంతా కిలో లెక్కే. అత్త అలవాటుగా పన్నెండు పండ్లు తూయించి, ఇంకా సంచి తెరిచి పట్టుకునే నిలబడింది.

"కిలోకి కొసరు యాడుంటాదమ్మా?" అన్నాడు సోమప్ప.

"ఒక్క పండు ఎయ్యప్పా."

మా వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు ఒళ్లు మండింది. ఆ ఒక్క పండుకూ డబ్బు తీసి ఇవ్వబోయాను. అత్త నా చెయ్యి తోసేసింది.

"కొంటే అది కొసరెట్లయితాది?"

ఇంటికి రాగానే పండ్లు ఆమె ముందు పెట్టి అరిచాను.

"ఉండేది ముగ్గురం. తినేవాళ్లు లేక పండ్లు నల్లబడిపోతున్నాయి. ఆ ఒక్క పండు కోసం నా పరువు తీయాలా అత్తా?"

అత్త పండ్లను ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టింది.

"అప్పుడు తళి ఊర్లో మన ఇంట్లో పన్నెండు మంది, నేను గాక. మీ మామ వారానికి ఒక డజను తెచ్చేవాడు. మా అత్తకి, మామకి, మరుదులకి, పిల్లోల్లకి, అందరికీ తలా ఒకటి ఇచ్చేదాన్ని. కడాకు కొసరు పండు ఉంటే అది నాది. అంగడాయన కొసరెయ్యని వారం నాకు లేదు. నువ్వు తిన్నావా అని ఒకరూ అడగలేదు."

నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు. ఒక పండు తుంచి ఆమె చేతిలో పెట్టాను.

"తిను అత్తా."

ఆమె దాన్ని తిరిగి మిగతా పండ్ల పక్కనే పెట్టేసింది.

"ఇవి ఇంటివమ్మా. నాది యాడ?"