చీటీ చదివింది నేను

మా కంప్యూటర్ ఆపరేటర్ చనిపోయాడు. పోయిన సోమవారం జమ్మికుంట నుంచి అతని భార్య ఫోన్ చేసింది. "మేడం, మా ఆయన పొద్దుగాల పోయిండు. మీకు జెప్పాలె గదా అని చేసిన," అన్నది.

కాలేజీలో పాఠాలు చెప్పడం ముగిశాక, ఉట్నూరు చుట్టుపక్కల గోండు పెద్దల నోట విని రాసుకున్న మాటలతో నిఘంటువు చేయాలని కరీంనగర్‌లో చిన్న కార్యాలయం తెరిచాను. హైదరాబాదులో ఎవరో వాడి వదిలేసిన వర్క్‌స్టేషన్ అనే పెద్ద కంప్యూటర్ ఒకటి మాకు దక్కింది. దాన్ని నడపడానికి వచ్చినవాడు అతను. పదకొండేళ్లుగా నేను రాసుకున్న మాటలను ఓపికగా అందులోకి ఎక్కించాడు. కాగితాలను చెదలు తినేశాక, ఆ మాటలు ఇక ఆ యంత్రంలోనూ, అతను నకలు తీసిన ఒక్క టేపులోనూ మాత్రమే మిగిలాయి.

పొద్దున రాగానే యంత్రం మీది గుడ్డ తీసి నాలుగు మడతలు పెట్టేవాడు. తర్వాత 'యూనేమ్' అనే ఆదేశం కొట్టి, లోపల నడుస్తున్న సిస్టమ్ ఏ వెర్షనో తెర మీద చూసుకునేవాడు.

"రోజూ అడుగుతవేందయ్యా? రాత్రికి రాత్రి మారుతదా?" అనేదాన్ని.

"అది మారది మేడం. మనమే మార్చి మర్చిపోతం."

"వెర్షన్ నంబరు రాసి పెట్టె మీద చీటీ అంటించినవ్ గద!"

"చీటీ ఎన్నడో రాసింది. దాన్ని నమ్మకుండ్రి, మిషన్‌నే అడుగుండ్రి. ఒక్క మాట కొడితె చెప్తది, జర నేర్చుకోరాదుండ్రి."

నేర్చుకోలేదు. ఆ వయసులో అతని ముందు విద్యార్థినిగా కూర్చోవడం నాకు నామోషీ అనిపించింది.

తండ్రికి బాగాలేక అతను వారం సెలవు పెట్టినప్పుడు యంత్రం అచ్చు తీయడం మానేసింది. హైదరాబాదు మెకానిక్ ఫోనులో, "ఏ వెర్షన్?" అని అడిగాడు. నేను చీటీ చూసి మూడు అన్నాను. నాలుగు నెలల కిందటే మా ఆపరేటర్ దాన్ని నాలుగుకు మార్చాడు. ఆ సంగతి నాకు చెప్పాడు కూడా. మెకానిక్ మూడో వెర్షన్ తెచ్చి మళ్లీ ఎక్కించాడు. మాటలన్నీ టేపులో భద్రంగా ఉన్నాయని, డిస్కు తుడిచేయడానికి ఒప్పుకున్నది నేనే. తీరా చూస్తే, కొత్త వెర్షన్‌లో రాసిన టేపును పాతది చదవలేకపోయింది. టేపు చెడిపోయిందన్నాడు మెకానిక్. వేరే టేపు లేదంటే, దాని మీదే కొత్త సిస్టమ్ నకలు రాయమన్నది కూడా నేనే. అట్లా టేపులోని మాటలు కూడా చెరిగిపోయాయి.

సెలవు ముగిశాక అతను తిరిగి వచ్చి, గుడ్డ మడతపెట్టి, ఆదేశం కొట్టాడు. తెర మీద మూడు కనిపించింది.

"గిదెట్లయింది మేడం?"

"ఆ మెకానిక్‌నే అడుగు," అన్నాను.

చీటీ వైపు చూశాడు. నా వైపు చూశాడు. "పాత చీటీ పీకకపోవుడు నా తప్పే," అన్నాడు. మా పనికి డబ్బు ఇస్తున్న పెద్దమనుషుల ముందూ అదే మాట చెప్పాడు. వాళ్లు అతన్ని పనిలో నుంచి తీసేశారు. నేను పక్కనే కూర్చొని నోరు విప్పలేదు.

ఆపరేటర్ నిర్లక్ష్యం వల్ల ఆ నిఘంటువు పోయిందని ఇప్పటికీ నలుగురూ అనుకుంటారు. కాదు. ఈ మాట అతను బతికుండగా చెప్పవలసింది. ఇప్పుడు చెప్పినా వినవలసిన మనిషి లేడు.

పని పోయిన తర్వాత కూడా ఒకసారి, మాటలు మళ్లీ రాసుకుందామని, నాతో జీపులో ఉట్నూరు వైపు వచ్చాడు. అంతకుముందు నాకు గోండీలో విత్తనాల పేర్లన్నీ చెప్పిన ముసలమ్మ అప్పటికే లేదు. "మా అత్త సచ్చిపోయింది. గా పేర్లు మాకెవ్వలకు రావు," అంటూ కోడలు చేటలో గింజలు తెచ్చి పెట్టింది. అతను ఒక్కొక్క రకాన్నే ఏరి నేల మీద వరుసగా పేర్చాడు. ఒక్కో గింజ పేరు రాయడానికి నోటుబుక్కులో ఒక్కో గీత గీశాడు. గీతల మీద ఏమీ రాయకుండా, కలం పట్టుకొని, ఆ కోడలి ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు.