పప్పు మానేసి పెప్టైడ్ తాగిన రాజవ్వ

2022 చలికాలం. కోరుట్లలో అంగడికి, అంటే వారానికోసారి జరిగే సంతకి, పోయే దారిలో మా మెడికల్ షాపు. నేను ఫార్మసిస్టుని. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది బీడీలు చేసే ఆడవాళ్ళే. ఎవరికి ఏ మందు కావాలో చాలాసార్లు మొహం చూసే చెప్పగలను, అయినా చీటీ అడుగుతాను. అడిగినందుకు తిట్లు కూడా తింటాను.

అలా తిట్టేవాళ్ళలో మేడిపల్లి రాజవ్వది ముందు వరుస. యాభై దాటిన మనిషి. చాట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే తునికాకు చుట్టడం, దారం కట్టడం, మూతి మడవడం కంటికి ఆననంత వేగంగా సాగేవట. ఆమెకి రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది. జనం కీళ్లవాతం అంటారు. క్రిముల మీద పోరాడాల్సిన మన ఇమ్యూనిటీ దారి తప్పి మన కీళ్ళ మీదే పడే జబ్బు ఇది. కాపలా కుక్క ఇంటివాళ్ళనే కరిచినట్టు. కీలు వాచి, వేడెక్కి, నొప్పి పుడుతుంది. ఆ వాపునే ఇన్‌ఫ్లమేషన్ అంటారు.

జగిత్యాల డాక్టరు ఆమెకి మెథోట్రెక్సేట్ రాశారు. దారి తప్పిన ఇమ్యూనిటీని అణిచిపెట్టే మాత్ర. వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. మరిచిపోకుండా అంగడి రోజే వేసుకోమని నేను చెప్పాను. దానికి ఆమె అంగడి గోలి అని పేరు పెట్టుకుంది. వాపులు తగ్గాయి, చాట మళ్ళీ ఒళ్ళోకి వచ్చింది.

తర్వాత కొన్ని నెలలు కనబడలేదు. జగిత్యాలలోనే కొనుక్కుంటోంది కాబోలు అనుకున్నాను. ఆ చలికాలం ఒక అంగడి రోజు మళ్ళీ వచ్చింది. సంచిని మోచేతికి తగిలించుకుని ఉంది. వేళ్ళ కణుపులు ఉబ్బి నున్నగా మెరుస్తున్నాయి.

"బిడ్డా, ఒట్టి నొప్పి గోలి ఇయ్యి. ఇంకేం అడగకు."

"అంగడి గోలి ఏసుకుంటున్నవా అవ్వా?"

"బంద్ పెట్టిన. చెట్టు మందు తాగుతున్న గదా."

ఆమె సంచిలోంచి ఆ మందు డబ్బా నేనే తీశాను. ఆమె కొడుకు మహేశ్ దుబాయిలో ఉంటాడు. అక్కడ కొని, సెలవు మీద ఊరికి వచ్చే దోస్తు చేత పంపించాడు. పైన ఇంగ్లీషులో ఉన్న ముక్కల సారాంశం ఇది: సోయా, బఠానీ మొక్కల నుంచి తీసిన పెప్టైడ్లు, ఇమ్యూనిటీకి బలం, ఇన్‌ఫ్లమేషన్ అదుపు.

పెప్టైడ్ అంటే ప్రొటీన్ ముక్క. ప్రొటీన్ పొడుగాటి గొలుసైతే, దాన్ని తెంపితే వచ్చే చిన్న చిన్న తునకలే పెప్టైడ్లు. సోయా, బఠానీ, బియ్యపు తవుడు లాంటి వాటినుంచి తీసిన కొన్ని పెప్టైడ్లు ల్యాబులో కణాల మీద వేస్తే వాపు పుట్టించే సంకేతాలు తగ్గుతున్నాయని పరిశోధకులు చూస్తున్నారు. ఆశ పడదగ్గ సంగతే. కానీ తాగిన పొడి కడుపులో అరిగాక అందులో ఎంత మిగిలి వేలి కీలు దాకా చేరుతుందో గట్టిగా చెప్పగలిగినవాళ్ళు ఇంకా లేరు. డబ్బా మీద మాత్రం ఆ అనుమానం ఎక్కడా అచ్చు వేయలేదు.

"గోలి బంద్ పెట్టుమని ఎవరు చెప్పిండ్రు?"

"ఎవరు చెప్పాలె? చెట్టు మందు తాగినప్పుడు ఇంగ్లీషు గోలి ఏసుకుంటే రెండు కడుపుల కొట్లాడుతయి. గింత సదివినవు, గది తెల్వదా?"

ఆ నమ్మకం నాకు తెలుసు. మా పుట్టిల్లు సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లి. మా అమ్మ కామెర్లకి పసరు తాగినప్పుడల్లా ఇంట్లో మాత్రలన్నీ అటక మీదికి పోయేవి. ఆ వెంటే పత్యం మొదలయ్యేది. అది గుర్తొచ్చి ఇంకో మాట అడిగాను.

"పత్యం ఏం పడుతున్నవు?"

"పప్పు ఇడిసిన. పప్పు వాతమాయె. గుడ్డు, వంకాయ, చింతపులుసు అన్ని ఇడిసిన. పచ్చిపులుసు సుత లేదు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పప్పు మానేసి, పప్పు జాతి గింజల ప్రొటీన్ ముక్కల్ని నీళ్ళలో కలుపుకుని తాగుతోంది ఈమె.

"అవ్వా, గీ డబ్బాల ఉన్నది సోయా, బఠానీ. గది పప్పు జాతే."

రాజవ్వ డబ్బాలోకి తొంగి చూసింది. "మరి గిట్ల పిండి లెక్క ఉన్నదేంది?"

మహేశ్‌కి వీడియో కాల్ చేశాం. పిల్లవాడు కంగారు పడ్డాడు. "నేను గోలీలు ఆపుమన్ననా అక్కా? దానితోని గిది గూడ తాగుమన్న. చెట్ల నుంచి చేసింది, ఏం కాదన్నరు."

"నువ్వు చెప్పుడేంది, నాకు తెల్వదా?" అంది రాజవ్వ.

"అమ్మ చేతులు ఒకసారి చూపియ్యి అక్కా."

నేను ఫోన్ తిప్పాను. రాజవ్వ రెండు చేతులూ కొంగు కింద పెట్టుకుంది. అంతసేపూ నా మీద గయ్యిమన్న మనిషి కొడుక్కి చేతులు చూపించలేక తల వంచుకుంది.   జరిగినదాంట్లో నాకు కోపం తెచ్చుకోవడానికి ఒక్క మనిషీ దొరకలేదు. వాడు ప్రేమతో పంపాడు, ఆమె నిష్ఠగా తాగింది.

మరునాడే ఆమెని జగిత్యాల పంపాను. వాపు ఎంతుందో చెప్పే సీఆర్‌పీ పరీక్షలో అంకె బాగా పైకి పోయింది. కాలేయం పరీక్ష కూడా చేసి, డాక్టరు పాత మాత్రే మళ్ళీ మొదలుపెట్టారు. పొడి పక్కన పెట్టి పప్పు తినమన్నారు. వాపులు దిగడానికి నెలలు పట్టింది. రాజవ్వ మళ్ళీ బీడీలు చేస్తోంది, మునుపటంత వేగం లేదు. కుడిచేతి ఉంగరపు వేలు మాత్రం వంగిపోయింది. కీలు దెబ్బతిని వచ్చిన వంపు అది, మాత్రతో పోదు.

అంతకుముందు ఎవరు వచ్చినా ఏం వేసుకుంటున్నారని అడిగేదాన్ని. ఇప్పుడు ఏం మానేశారని కూడా అడుగుతున్నాను. మా వైపు కొత్త మందు ఒకటి ఇంట్లోకి వస్తే పాతది దానికి చోటిచ్చి తప్పుకుంటుంది. ఆ సంగతి ఏ డబ్బా మీదా రాసి ఉండదు.

మొన్న అంగడి రోజు ఒకామె ఇమ్యూనిటీ పొడి డబ్బా చేతిలోకి తీసుకుంది. నేను నోరు తెరిచేలోపే, పక్కన తన గోలీల కోసం నిలబడ్డ రాజవ్వ మాట అందుకుంది.

"చెల్లె, గిది తాగుడు మొదలువెట్టి ఏది ఇడుస్తవు?"

"షుగర్ గోలి. రెండు ఒక్కతాన పడయి గదా అక్కా."

రాజవ్వ కొంగు కింద నుంచి కుడిచెయ్యి తీసి, వంగిన వేలు ఆమెకి కనబడేలా కౌంటర్ మీద పెట్టింది.