ఉపవాసముండి ఆపరేషన్‌కు వెళ్లిన రోజు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, ఛత్రినాకలో బ్లౌజులు కుట్టే ఈ ఎస్తేరమ్మ మైకు పట్టుకుంటే వదలదని మీకందరికీ తెలుసు, కానీ ఈ రోజు తొందరగానే ముగిస్తాను! నా ముక్కు పక్కన చిన్న పుండు లేచి, ఎండినట్టే ఎండి మళ్లీ రక్తం కారుతూ, ఎనిమిది నెలలైనా మానలేదు. ప్రార్థన నూనె రాశాను, పసుపు పెట్టాను, కొంగు అడ్డం పెట్టుకుని తిరిగాను. చివరికి దవాఖానలో ముక్క తీసి పరీక్ష చేసి చర్మ క్యాన్సర్ అన్నారు. ఇది మెల్లగా పెరిగే రకమని, మొత్తం తీసేస్తే నయమవుతుందని డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పిందట, నాకు మాత్రం క్యాన్సర్ అన్న మాట తర్వాత ఒక్కటీ చెవికెక్కలేదు. నర్సమ్మ షాహీన్ తెలుగులో రాసిన కాగితం ఇస్తే, చదవడానికి ధైర్యం చాలక బైబిల్లో మడిచి పెట్టేశాను.

“తండ్రీ, ఈ కత్తి నా ముఖం మీద పడనియ్యకు” అని ఏడ్చి ఉపవాసం పట్టాను. ఆపరేషన్ రోజు పొద్దున మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు, కానీ షుగర్ గోలీ మాత్రం మరచిపోకుండా వేసుకున్నాను, నా తెలివి చూడండి! దవాఖాన బల్ల మీద కూర్చోగానే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. ఇంకేముంది, మా ఆయన చెయ్యి పట్టుకుని “ఇంటికి పోదాం పదయ్యా, ఆపరేషన్ వద్దని దేవుడే చెప్తున్నడు” అని లేచేశాను.

షాహీన్ పరుగున వచ్చి, వేలు పొడిచి షుగర్ పడిపోయిందని చూసి, చక్కెర నీళ్లు తాగించి, నా మీద లేచింది. “అమ్మా, టిఫిన్ చేసి రమ్మని కాగితంల రాసిచ్చిన గదా! గింత చిన్న ఆపరేషన్‌కి ఖాళీ కడుపెందుకు? నేను గూడ రంజాన్‌ల రోజా ఉంట, గని బీమారి ఉన్నోళ్లకు మాఫీ ఉంటది. మీ దేవుడు ఇడ్లీ తినొద్దన్నడా ఏంది?”

సిగ్గుతో నవ్వొచ్చింది నాకు! నేను ఇడ్లీ తింటుంటే, ఆమె పక్కన కూర్చుని మత్తు సూది ఆ చోటికే ఇస్తారని, మెలకువగానే ఉంటానని, ఎంత కోస్తారో, ఎట్లా కుడతారో అంతా ఓపిగ్గా చెప్పింది. ప్రతి మాటకూ నా గుండె దడ తగ్గింది సహోదరులారా! నా భయం తీర్చడానికి ప్రభువు మొఘల్‌పురా నుంచి ఆ బిడ్డను పంపాడు, దేవునికే మహిమ! మధ్యాహ్నం నా కాళ్లతో నేనే లోపలికి నడిచాను. కుట్లు వేస్తుంటే స్తోత్రం, స్తోత్రం అంటున్నానని డాక్టరమ్మ “అమ్మా, మనసులో అనుకోండి, ముక్కు కదులుతోంది” అని బతిమాలుకుంది!

తర్వాత వచ్చిన రిపోర్టులో క్యాన్సర్ అంతా పోయిందని రాశారు. హల్లెలూయా! ప్రార్థన మానమని నేను చెప్పను, నేనూ మానలేదు. మీలో ఎవరైనా మానని పుండును కొంగు కింద, రుమాలు కింద దాచుకుని భయంతో కూర్చుని ఉంటే, ఆరాధన కాగానే నా దగ్గరకు రండి. నా మచ్చ ముట్టుకుని చూడండి. దవాఖానకు మీతో నేనే వస్తాను, వాళ్లిచ్చిన కాగితం ఇద్దరం కలిసి చదువుదాం.