పెళ్ళికూతురి మీసం

ఆ రోజుల్లో అంటే మరీ తాతలనాటి సంగతి ఎత్తుకున్నాననుకునేరు. కాదండీ. చేతిలో స్మార్ట్‌ఫోను, ఫోను మీద పగిలిన గాజు, ఒంటినిండా రంగు మరకలు ఉన్న రోజులు, అంతే. పూత చూసే తోట బేరం కుదిర్చేసుకునే ఊళ్ళలో పుట్టినదాన్ని కదా, నా పద్ధతీ అలాగే ఉండేది. బొమ్మ మొదలుపెట్టకముందే జనం చప్పట్లు కొట్టడం, నేను సిగ్గుపడుతూ తల వంచుకోవడం, ఎవరో పెద్దాయన వచ్చి శాలువా కప్పడం అన్నీ మనసులో జరిగిపోయేవి. (శాలువా రంగు కూడా నేనే నిర్ణయించేసేదాన్ని.) కాయ నిలబడుతుందా, గాలికి రాలుతుందా అన్న ఆలోచన ఆ వయసులో ఎవరికుంటుంది చెప్పండి!

డిగ్రీ అయ్యాక ఏడ్చి, అలిగి, అన్నం మానేసి (మధ్యాహ్నం ఒక్కపూటే లెండి, సాయంత్రానికి అమ్మ పునుగులు వేసింది) హైదరాబాదు వెళ్ళి యానిమేషన్ నేర్చుకున్నాను. ఉద్యోగమూ దొరికింది. పిల్లల సీరియల్లో ఒక ఉడత ఉండేది. ఆ ఉడత తోక నా డ్యూటీ. ముఖం ఇంకెవరో గీసేవారు, కాళ్ళు ఇంకెవరో. నేను తోక ఎత్తాలి, దించాలి, ఊపాలి. ఇంటికి ఫోన్ చేస్తే మా నాన్నమ్మ "ఇవాళేం గీశావే?" అనేది. "తోక" అనేదాన్ని. "నిన్నా అదేగా చెప్పావు?" అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది గానీ ఆవిడన్నదాంట్లో తప్పేముంది? చివరికి తోక వదిలేసి ఇంటికొచ్చేశాను. ఫొటోలు చూసి మనుషుల ముఖాలు గీయడం, పెళ్ళిళ్ళకు కొబ్బరిబోండాల మీద ముత్యాలు అతికించడం, బుట్టలకు జరీ చుట్టడం మొదలుపెట్టాను. జిగురూ పూసలూ రంగుడబ్బాలూ ఇల్లంతా పాకాయి. ఒకరోజు నాన్న తినే పప్పుచారులో చమ్కీ తేలింది. ఆ రోజే పంచాయితీ పెట్టాడు.

మాది ఆగిరిపల్లి దగ్గర పల్లె. నాన్న మామిడితోటలు కౌలుకి పట్టేవాడు. కోపిష్టి కాదు గానీ మాటంటే మాటే. "చూడమ్మా, మీ అత్త కూతురి పెళ్ళి వస్తోందిగా. అందులో నీ పనితనమేంటో చూపించు. నలుగురూ బాగుందంటే, సీజన్ అవగానే మన కాయల షెడ్డు నీకిచ్చేస్తా, నీ ఇష్టమొచ్చినట్టు బొమ్మలేసుకో. లేదంటే మాత్రం నోరెత్తకుండా బీఎడ్‌లో చేరాలి" అన్నాడు. షెడ్డు! నాకు కాళ్ళు నేలమీద ఆగలేదు. ఇక్కడ బల్ల, అక్కడ కంప్యూటరు, ఆ మూల కుట్టుమిషను అనుకుంటూ ఆ సాయంత్రమే వెళ్ళి అడుగులు వేసి కొలిచొచ్చాను. షెడ్డులో కాయలు గ్రేడింగ్ చేస్తున్న ఆడవాళ్ళు "పాపకేమైందండీ?" అని నాన్నని అడిగారట.

పెళ్ళికూతురు నాకు వదిన అవుతుంది, ముసునూరు పిల్ల. పెళ్ళికొడుకుది చింతలపూడి. బుట్టా బోండామూ ఎవరైనా చేస్తారు, నలుగురూ నోరెళ్ళబెట్టాలంటే ఇంకేదో చేయాలనుకున్నాను. ముహూర్తం దాకా వధూవరుల మధ్య పట్టుకునే అడ్డుతెర ఉంటుందే, ఆ పట్టుబట్ట మీద ఇద్దరి బొమ్మలూ నిలువెత్తున చేత్తో వేస్తానని ప్రకటించేశాను. ఈ మాట పెళ్ళికొడుకు తల్లిగారి చెవిన పడింది. ఆవిడ రోజూ తెల్లారేసరికి ఊళ్ళోవాళ్ళందరికీ వాట్సాప్‌లో పూలబొమ్మలు పంపుతుంది కాబట్టి మా ఇంట్లో ఆవిడ పేరు గుడ్‌మార్నింగ్ అత్తగారు. నాకు ఫోన్ చేసి, "అమ్మాయ్, ఏది ఎలా ఉన్నా మావాడి మీసం మాత్రం తేడా రాకూడదమ్మా. వాళ్ళ తాతగారి మీసం అది" అంది. ఆపైన మీసం ఫొటోలు రావడం మొదలైంది. ఎడమవైపు నుంచి, కుడివైపు నుంచి, పడుకున్నప్పుడు కూడా. నేనూ పట్టుదలకు పోయాను. నల్లరంగు ఆరీఆరకముందే దానిమీద ఇంకో పూత, దానిమీద ఇంకోటి వేసుకుంటూ పోతే, మీసం బట్టమీంచి పైకి లేచి నిలబడింది. వదిన ముక్కుపుడకకి బంగారు రంగు అలాగే బొట్టుబొట్టుగా పెట్టాను.

పెళ్ళి రేపనగా పొద్దున పని ముగిసింది. తెరని వసారాలో మంచం మీద పరిచి, "నాన్నమ్మా, దీన్ని ముట్టుకోకు. ఆరాక రేపు గొట్టానికి చుట్టి నాన్న తెస్తాడు" అని చెప్పి, బుట్ట సర్దడానికి ముసునూరు వెళ్ళిపోయాను. మధ్యాహ్నం ఈదురుగాలి లేచింది. గాలి లేస్తే మా ఊళ్ళో ఎవరి చూపైనా చెట్ల మీదే ఉంటుంది, నాన్న తోటకి పరుగెత్తాడు. నాన్నమ్మ మాత్రం నా తెర మీద దుమ్ము పడుతుందని ఆరాటపడింది పాపం. అక్కడితో ఊరుకుంటే బాగుండేది.

మర్నాడు పెళ్ళిపందిట్లో నా హడావుడి చూడాలి! వదినని బుట్టలో కూర్చోబెట్టి మేనమామలు మోసుకొస్తుంటే (అందులో మా నాన్న ముందు) బుట్టని చూసి జనం "ఎవరు చేశారండీ?" అంటుంటే, నేను ఎవరూ అడక్కుండానే "నేనేనండీ" అంటూ పందిరంతా తిరిగేశాను. "అడ్డుతెర తీసుకురండి" అని పంతులుగారు కేకేశారు. నాన్నమ్మ సంచిలోంచి తెర తీసి నా చేతికిచ్చింది. గొట్టం లేదు. చక్కగా, చదునుగా, బీరువాలో పట్టుచీరలాగా మడత పెట్టి ఉంది.

"గొట్టమేదే నాన్నమ్మా?"

"గొట్టమెందుకే? గాలిదుమ్ము వస్తుంటే సగానికి మడిచి, రసాలు మాగేసిన గదిలో గడ్డికింద పెట్టా. పైన కాయలు పేర్చా. ఆ వేడికి కాయే పండుతుంటే రంగు ఆరదా? చూడు, ఇస్త్రీ చేసినట్టు లేదూ?"

విప్పొద్దని చెప్పబోయాను. ఈలోగా నాన్న ఒక కొస, బాబాయి ఒక కొస పట్టుకుని లాగారు. టర్రుమని చప్పుడైంది. తెర విచ్చుకుంది. మామిడిపళ్ళ వాసన గుప్పున కొట్టింది. బొమ్మ ఉన్న వైపు మగపెళ్ళివారికి కనిపించాలని నేనే ముందు చెప్పి ఉంచాను కదా, పందిట్లో సగం మంది ఒక్కసారి చూశారు. నాన్నమ్మ పెట్టిన మడత ఎంత కచ్చితంగా పడిందంటే, ఇద్దరి ముఖాలూ ఒకదానిమీద ఒకటి అచ్చుగుద్దినట్టు పడ్డాయి. పెళ్ళికూతురి పైపెదవి మీద తాతగారి మీసం నిగనిగలాడుతోంది. పెళ్ళికొడుకు ముక్కుకి ముక్కుపుడక తళతళలాడుతోంది.

సన్నాయి ఆయన కూడా ఊదడం మానేసి చూశాడు. వెనకాల ఎవరో ముసలాయన, "అమ్మాయికి మీసమేంట్రా?" అన్నాడు. గుడ్‌మార్నింగ్ అత్తగారు లేచి నిలబడింది. "ఇదేం పరాచికమండీ? మావాడికి ముక్కుపుడక పెడతారా? మేమేమన్నా గాజులు తొడుక్కున్నామా?" అంది. (తొడుక్కుంది. మోచేతుల దాకా. కానీ చెప్పే ధైర్యం ఎవరికుంది?) "అబ్బే, కావాలని కాదు అక్కగారూ, పిల్లేదో..." అని నాన్న నీళ్ళు నమిలాడు. తెర వదలడానికి లేదు, పట్టుకుంటే పరువు పోతోంది. అలా నిలబడే నావైపొక చూపు చూశాడు. ఆ చూపులో నాకు బీఎడ్ కాలేజీ గేటు స్పష్టంగా కనిపించింది.

"తెరకి అటువైపు ఏం జరుగుతోంది? ఎవరన్నా చెప్పరే!" అని వదిన ఇవతల్నుంచి గింజుకుంటోంది. "ముందు దాన్ని తిప్పి పట్టండిరా!" అని మా అత్త అరిచింది. నాన్నా బాబాయీ గిరుక్కున తిరిగారు. అంతే, బొమ్మ ఇప్పుడు వదినకి ఎదురైంది. వదిన ఒక్క క్షణం కళ్ళార్పకుండా చూసింది. తర్వాత కిసుక్కుమంది. చేతిలో బోండాం ఊగిపోయేలా నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు విని తెర అవతల పెళ్ళికొడుకు కూడా పకపకా అందుకున్నాడు. పెళ్ళిచూపుల్నాడు ఇద్దరూ కలిసి మాట్లాడింది "మంచినీళ్ళు కావాలా", "వద్దండి" మాత్రమేనని అత్త చెప్పేది. అలాంటిది ఆ తెరకి చెరోవైపూ కూర్చుని ఆగకుండా నవ్వుతూనే ఉన్నారు.

"మీ పోట్లాటలు భోజనాలయ్యాక పెట్టుకోండి, ముహూర్తం ఎవరికోసమూ ఆగదు!" అని పంతులుగారు గదమాయించారు. నవ్వుతో చేతులు వణికి జీలకర్ర బెల్లం సగం నెత్తిన, సగం నుదుటి మీదా పడింది. తెర తీసేశాక పెళ్ళికొడుకు వదిన ముఖంలోకి తేరిపార చూసి, తల్లి వైపు తిరిగి, "అమ్మా, మీసం నాకంటే తనకే నప్పిందే" అన్నాడు. అందరూ ఘొల్లుమన్నారు. ఆవిడ మాత్రం మూతి బిగించుకునే కూర్చుంది. అప్పగింతలప్పుడు నాన్న నమస్కారం పెడితే ఎటో చూస్తూ తలాడించి కారెక్కింది.

నాన్న బండి మీద ఇంటికి బయల్దేరాం. ఊరి పొలిమేర వచ్చాక, "బీఎడ్ నోటిఫికేషన్ పడితే చెప్పు" అన్నాడు. వెనక కూర్చుని కుమిలి కుమిలి ఏడ్చాను. షెడ్డు పోయింది, బల్ల పోయింది, అన్నీ పోయాయి. మర్నాడు మాత్రం ఏడుపు కాస్తా ఉక్రోషంగా మారింది. ఎటూ బీఎడ్ తప్పదు, పోయేముందు ఒక్కటి గీసి పోతాను అనుకుని, ఫోనులో ఉన్న తెర ఫొటో ముందు పెట్టుకుని కూర్చున్నాను. పెళ్ళికొడుకు పెదవి మీద మీసం ఒళ్ళు విరుచుకుని లేస్తుంది. గొంగళిపురుగులా నడుము తిప్పుకుంటూ తెర దాటి వదిన వైపు బయల్దేరుతుంది. అటునుంచి ముక్కుపుడక దొర్లుకుంటూ వస్తుంది. నడుమ ఇద్దరూ ఎదురుపడి, "తమరు ముందు" అంటే "తమరే ముందు" అని మర్యాదలు చేసుకుంటారు. ఆ మీసం నడకలో, ఇన్నాళ్ళూ ఉడత తోక ఊపిన విద్యంతా పెట్టేశాను. గీస్తూ గీస్తూ నేనే పగలబడి నవ్వుతుంటే అమ్మ వచ్చి నుదురు పట్టి చూసింది. పూర్తయ్యాక వదినకొక్కదానికే పంపాను. "మీ అత్తగారికి చూపించకు వదినా, నీకు పుణ్యముంటుంది" అని కూడా రాశాను.

వదిన ఆ సాయంత్రమే చూపించింది. మర్నాడు తెల్లారేసరికి చింతలపూడి నుంచి నూజివీడు దాకా ఉన్న గ్రూపులన్నిట్లోకీ పూలకి బదులు మీసం వచ్చింది! కింద, "మా కోడలి తరపు అమ్మాయి చేసినది, అందరూ తప్పక చూడండి" అని ఆవిడ రాత. మార్కెట్ యార్డులో కాయ దించుతుంటే చింతలపూడి దళారీ ఒకాయన నాన్నకే తెచ్చి చూపించి, "ఎవరో గానీ భలే తీశారండీ" అన్నాడట. సీజన్లో నాన్న నవ్వడం మా ఇంటావంటా లేదు. అలాంటిది గుమ్మంలోకి వస్తూనే, "ఆ మీసానికి ఆ నడుం తిప్పుడేంటే తల్లీ!" అంటూ కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చుని, రెండు ముద్దలు తిన్నాక, "ఆఖర్న దిగే కలెక్టరు మామిడికాయ ఒక్కటీ వెళ్ళిపోనీ. షెడ్డుకి సున్నం వేయిస్తా" అన్నాడు. నేను పీటమీంచి ఎగిరి గంతేశాను. "నేను గడ్డిలో పెట్టబట్టేగా" అంది నాన్నమ్మ, పెరుగు వడ్డిస్తూ.

షెడ్డు నాదయి కొన్నేళ్ళయింది. ఇప్పుడు తెరలు హెయిర్ డ్రయ్యరుతో ఆరబెడతాం, బటర్ పేపరు వేసి గొట్టానికి చుడతాం. నా దగ్గర పనిచేసే ఆడపిల్లలు గీత కూడా అలుక్కుపోకుండా పంపిస్తారు. "చాలా నీట్‌గా ఉందండీ" అంటారు అందరూ. పెళ్ళిపందిట్లో తెర విప్పితే పొట్ట పట్టుకుని నవ్వినవాళ్ళు మళ్ళీ కనపడలేదు.

మొన్న చింతలపూడి వెళితే, గుడ్‌మార్నింగ్ అత్తగారు ఆ తెరని అద్దం కట్టించి హాల్లో పెట్టుకుంది. దగ్గరికెళ్ళి చూసి సిగ్గుతో చచ్చిపోయాను. పెళ్ళికొడుకు చెవి మెడ మీద ఉంది. వదిన రెండు కళ్ళూ రెండు ఊళ్ళు చూస్తున్నాయి. వేళ్ళు గీయడం రాక చేతులన్నీ దండల వెనక దాచేశాను. ఇంత బొమ్మ పెట్టుకుని పందిరంతా "నేనేనండీ, నేనేనండీ" అని తిరిగిన ఆ పిల్లని తలుచుకుంటే నవ్వూ వచ్చింది, ఎందుకో కాస్త బెంగగానూ అనిపించింది. "వదినా, ఇది ఇలా ఇచ్చెయ్, మొత్తం కొత్తగా వేసిస్తా" అన్నాను. "దాని జోలికొచ్చావంటే ఊరుకోను" అంది వదిన. నిజం చెప్పాలంటే ఆ తెర మొత్తమ్మీద సరిగ్గా కుదిరింది మీసమొక్కటే. అదీ రెండుచోట్లా.