ఫ్యాన్ రొద, ఎల్లక్క గోడ

2011. భూపాలపల్లి దగ్గర ఒక బొగ్గు గని. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. తవ్వకం ఆగింది. డంపర్లు ఆగాయి. పక్కనే నేలను పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు గనిలో మందుగుండు పెట్టి పేల్చే బ్లాస్టింగ్ ఆగింది. ఆగనిది ఒక్క వెంటిలేషన్ ఫ్యానే. గనిలోని చెడు గాలిని బయటికి లాగే పెద్ద పంకా అది. ఆపితే లోపల గ్యాస్ పేరుకుంటుందని సమ్మె చేసేవాళ్లే దాన్ని నడవనిచ్చారు.

ఆ ఫ్యాన్ రొద మీద ఊరివాళ్ల ఫిర్యాదు ఉంది. రొద ఎక్కడ పుడుతోందో పట్టడానికి హైదరాబాద్ నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. నేను కాంట్రాక్టు ఫిట్టర్‌ని, మాది రఘునాథపల్లి. అక్షరాలు నాకు తర్వాత ఎప్పుడో వచ్చాయి. అప్పటికి పానా పట్టడమే వచ్చు.

ఇనుప చట్రానికి చిన్న చిన్న మైకులు పదుల కొద్దీ బిగించాను. దాన్ని మైక్రోఫోన్ అరే అంటారు. ఒకే చప్పుడు ఒక మైకుకు రవ్వంత ముందు, ఇంకోదానికి రవ్వంత వెనక చేరుతుంది. ఆ తేడాను బట్టి కంప్యూటర్ చప్పుడు పుట్టిన చోటును లెక్కగట్టి, ఫోటో మీద ఎర్ర మచ్చగా చూపిస్తుంది.

ఆ రోజుల్లో మైకు కనబడితే మీటింగే. ధర్నా టెంటులోంచి ఒకాయన వచ్చాడు.

"ఏందన్నా, గిన్ని మైకులు? ఢిల్లీ వాళ్లే దిగుతున్రా ఏంది?"

"మాట్లాడే మైకులు గావన్నా. ఇనేటియి," అన్నాను.

ఆ మాట ఎల్లక్క చెవిన పడింది. ఫ్యాన్‌కు ఎదురుగా ఉన్న చివరి ఇల్లు ఆమెదే. వచ్చి చట్రం ముందు కొంగు సర్దుకుని నిలబడింది.

"సార్లూ, రొదకు నేను అలవాటు పడ్డ. మీరు బాంబులు పేలిస్తే నా గోడ పగులుతాంది. గా ఇల్లు తీస్కొని ఇంకోకాడ జర జాగ ఇయ్యుండ్రి. గోడ మీదవడి సస్తే ఎవలు జవాబు?"

ఇంజినీరు హెడ్‌ఫోన్ తీశాడు. "అమ్మా, మేం ఫ్యాన్ కోసమే వచ్చాం."

"ఇనేటియి అన్నడు గదా మా తమ్ముడు. ఇననియ్యుండ్రి," అని మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

పని అయ్యాక ఆయన నాకు తెర చూపించాడు. రొద బ్లేడ్లది కాదు. గాలి బయటికి పోయే గొట్టం అతుకు దగ్గర సందు పడింది. గాలి అందులోంచి చీలి ఈల వేస్తోంది. ఎర్ర మచ్చ సరిగ్గా అక్కడే ఉంది.

"మరి ఎల్లక్క చెప్పింది?"

"అది బ్యాక్‌గ్రౌండ్ నాయిస్. డప్పులు, నినాదాలు, మాటలు అన్నీ తీసేశాను. తీయకపోతే ఇది దొరకదు."

ఆయన అబద్ధం చెప్పలేదు. పని అట్లాగే చేయాలి.

అతుకు బిగించాం. రొద తగ్గింది. ఊరి ఫిర్యాదు తీరిందని ఆఫీసు ఫైలు మూసేసింది. సమ్మె ముగిశాక బ్లాస్టింగ్ మళ్లీ మొదలైంది. ఎల్లక్క ఆఫీసుకు వెళ్లి ఇంటి సంగతి అడిగితే "చప్పుడు తగ్గించాం కదా, ఇంకేంటి?" అన్నారట. మరుసటి ఏడు వానలకు ఆ గోడ కూలింది. ఆమె బయట ఉండి బతికింది. గోడ వారన కట్టేసిన మేక చచ్చిపోయింది.

మిషన్ మనం అడిగినదానికే జవాబిస్తుంది. ఆ ఊరిలో ఏం అడగాలో మేం గనికి రాకముందే ఎవరో నిర్ణయించారు. ఇది నాకు తెలిసేసరికి ఆమె ఊరు విడిచి చెల్లెలి దగ్గరికి పోయింది.

తర్వాత ఒకసారి తొర్రూరు బస్టాండులో కనబడింది. తిట్టలేదు. పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది.

"తమ్మీ, గన్ని మైకులు కట్టినవ్. ఒక్కటన్న ఇనలేదా?"

"అన్నీ ఇన్నయక్కా," అన్నాను. "ఇన్నంకనే తీసేసిన్రు."