టైలరు బాగుచేయించిన వాచీ

ఎడమచేతి కఫ్ కుడిచేతి కఫ్ కంటే పావు అంగుళం వదులుగా ఉన్న చొక్కా ఎవరి ఒంటిమీద కనిపించినా, అది ఆ టైలరు కుట్టిందేనని వీధిలో అందరికీ తెలుసు. "నాకు వాచీ లేదు మాస్టారూ" అని ఎవరైనా మొత్తుకుంటే, "ఇవాళ లేదు, రేపు కొంటారు. అప్పుడది కఫ్ కింద నలిగి చస్తే ఆ పాపం ఎవరిది?" అనేవాడు. మనిషి కోసం చొక్కా కుట్టేవాళ్ళున్నారు గానీ, వాచీ కోసం కుట్టేవాణ్ణి ఎక్కడైనా చూశామా!

ఇంట్లో పదకొండు వాచీలు. ఉన్నవి రెండే చేతులు. "మిగతావి నా నెత్తిన పెట్టండి" అనేది భార్య. పొద్దున్నే స్నానం చేసి, తువ్వాలు చుట్టుకుని, పెట్టె తెరిచి దాని ముందు నిలబడేవాడు. ఎండ కాసిన రోజున తెల్ల డయలుది, ముసురు పట్టిన రోజున నల్ల డయలుది. ఎంచుకున్నాక కళ్ళు మూసుకుని కీ ఇచ్చేవాడు. ఆడవాళ్ళు ముస్తాబుకు గంట తీసుకుంటారని ఎగతాళి చేసే మగాళ్ళందరినీ వరసగా తెచ్చి అక్కడ నిలబెట్టాలి.

ఆదివారం వచ్చిందంటే వాచీల రిపేరు కొట్లో సభ. కొట్టు యజమానికి కంట్లో భూతద్దం ఎప్పుడూ ఇరుక్కునే ఉంటుంది కాబట్టి అందరూ ఒంటికన్నాయన అంటారు. బ్యాంకులో రిటైరైన క్యాషియరు, మందుల షాపాయన, మన టైలరు. నలుగురూ వాచీలు విప్పి ఆకుపచ్చ గుడ్డ మీద పెట్టి, ఒకరిది ఒకరు పెట్టుకుని చూసుకునేవారు. చెవి దగ్గర పెట్టుకుని, చంటిపిల్ల ఊపిరి విన్నట్టు వినేవారు.

"బరువు చూశారా? ఎవరో చెయ్యి పట్టుకున్నట్టే ఉంది" అనేవాడు క్యాషియరు.

"బరువు కాదండీ, నడక చూడండి. నడక!" అనేవాడు టైలరు.

"ఇంత శ్రద్ధగా మా ఆవిడ నడక కూడా చూసి ఎరగను" అనేవాడు మందుల షాపాయన.

టైలరుకు అమ్మ చిన్నప్పుడే పోయింది. పెంచింది అక్క. బావ బస్సు డ్రైవరు. మొదటి జీతంతో కొన్న వాచీ ఒక్కటే ఇరవై ఎనిమిదేళ్ళు ఆయన చేతికుంది. "ఏరా బామ్మర్దీ, నీ పదకొండూ కలిపి అడిగితే ఒక్క టైమన్నా చెప్తాయా?" అని ఏడిపించేవాడు. అలాంటి మనిషి మంచాన పడ్డాడు. ఏడు నెలలు. టైలరు ప్రతి ఆదివారమూ వెళ్ళేవాడు. సభ ముగిశాక, మధ్యాహ్నం, ఓ అరగంట. కుర్చీ అంచున కూర్చుని, ఎలా ఉంది బావా అని అడిగి, వచ్చేసేవాడు. చెవుల్లో ఇంకా ఆ టిక్ టిక్‌లే మోగుతూ ఉండేవి కాబోలు.

బావ పోయిన మూడు నెలలకు అక్క తనే షాపుకొచ్చింది. తమ్ముణ్ణి ఎన్నడూ ఏదీ అడిగిన మనిషి కాదు. జేబురుమాలు ముడి విప్పి వాచీ కత్తిరింపు బల్ల మీద పెట్టింది.

"ఆగిపోయిందిరా. నడిచేలా చెయ్యి, చాలు."

చాలు అన్న మాట తప్ప మిగతావన్నీ టైలరు చెవిన పడ్డాయి.

అక్క వెళ్ళగానే తీసి చూశాడు. డయలు టీ రంగుకు తిరిగింది. అద్దం నిండా గీతలు. బెల్టు సంగతి చెప్పనే అక్కర్లేదు. అది చేసినవాళ్ళు పెట్టిన కన్నాలు అయిపోయాక, లోపలివైపు మరో ఐదు ఉన్నాయి. వంకరటింకరగా, అంచులు మాడి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. తోలు పనంటే ప్రాణమిచ్చే టైలరుకు ఒళ్ళు మండింది. బకిల్ ఊడదీసుకుని, బెల్టును బల్ల కింద గుడ్డముక్కల గోనెలోకి విసిరేశాడు.

"స్ప్రింగొకటి వేసి కడిగితే నడుస్తుంది. మిగతాది వదిలేద్దామా?" అన్నాడు ఒంటికన్నాయన.

"మా అక్క నోరు తెరిచి అడిగింది. ఇదేనయ్యా మొదటిసారి. పైపైన చేసి ఇస్తానా?"

డయలు మీద పాత రంగు గీకించి కొత్తగా అచ్చు వేయించారు. కేసుకు మెరుగు పట్టించారు. అద్దం మార్చారు. ఇంట్లో భార్య ఒక్క మాట అంది: "నడిస్తే చాలన్నారుగా వదినగారు?"

"అలా అనడం అక్క మంచితనం" అన్నాడు.

బెల్టు మటుకు తనే కుట్టాడు. తేనెరంగు తోలు ఎంచి, మైనం పట్టించిన దారంతో, కుట్టుకు కుట్టు దూరం వెంట్రుకవాసి తేడా లేకుండా నాలుగు రోజులు కూర్చున్నాడు. నడక సరిచూడాలని ఎనిమిది రోజులు తన చేతికే పెట్టుకున్నాడు. ఆ ఎనిమిది రోజులూ పెట్టెలో పదకొండింటివైపు కన్నెత్తి చూడలేదు. ఆదివారం సభలో అందరూ దాన్నే చేతులు మార్చుకున్నారు. అంత సంతోషంగా టైలరు ఎన్నడూ లేడు. అబద్ధమెందుకు, అది బావ వాచీ అన్న సంగతి కూడా మధ్యమధ్య మర్చిపోయాడు.

తొమ్మిదో రోజున అక్కింటికి వెళ్ళి చేతిలో పెట్టాడు.

"ఇదెవరిదిరా?"

"బావదేనక్కా!"

అక్క చెవి దగ్గర పెట్టుకుంది. "నడుస్తోంది" అంది. మొహం కాస్త వెలిగింది కూడా. తర్వాత వెనక్కి తిప్పి, బెల్టు మీద బొటనవేలు నెమ్మదిగా జరిపింది. చివరిదాకా వచ్చి మళ్ళీ మొదలుపెట్టింది.

"బెల్టేది?"

"ఇదేగా! నేనే కుట్టా. పాతది పనికిరాదక్కా. ఎవడో మొరటు వెధవ మేకుతో కన్నాలు పొడిచి నాశనం చేశాడు."

"ఎవడో కాదు. నేను."

టైలరు అక్క చేతిలోని బెల్టువైపు చూశాడు.

"చెయ్యి చిక్కిపోయి వాచీ మోచేతిదాకా జారిపోయేది. తీసేస్తానంటే మీ బావ ఒద్దన్నారు. బస్సు దిగాను గానీ డ్యూటీ దిగలేదే అన్నారు. స్టవ్ మీద గోనెసూది కాల్చి పొడిచా. నెల తిరక్కుండా మళ్ళీ జారింది. మళ్ళీ పొడిచా. ఐదోది పొడిచేసరికి ఆయనకి మాట లేదు. పెట్టగానే కళ్ళతోనే నవ్వారు." అక్క వాచీని ఒళ్ళో పెట్టుకుంది. "ప్యాంటు నడుం చూసి మనిషి చిక్కాడో ఒళ్ళు చేశాడో చెప్పేస్తావు. ఊరందరి కొలతలూ నీ నోటిమీదుంటాయి. మీ బావ చిక్కిపోయింది ఆ బెల్టు మీదుందిరా. నీకెలా కనపడలేదు?"

అరిచినా బాగుండేది. బియ్యం ధర చెప్పినట్టు చెప్పింది.

టైలరు షాపుకు పరిగెత్తాడు. బల్ల కింద గోనె ఖాళీ. గుడ్డముక్కలు వారం వారం దిండ్లు కుట్టేవాళ్ళకు పోతాయి. అక్కడికీ వెళ్ళాడు. దూదిపొగలో ముక్కుకు గుడ్డ కట్టుకుని పనిచేస్తున్న ఆవిడ అతని మాటలు విని కుట్టుమిషను ఆపింది.

"తోలుముక్క కంటబడితే ఏరేస్తామండీ. కంటబడాలిగా. ఈ వారం అరవై దిండ్లు పోయాయి. ఏ ఇంటికెళ్ళి ఎవరి తల కింద లాగమంటారు?"

అతను మూలనున్న పీలికల కుప్ప ముందు కూర్చుని సాయంత్రందాకా చేత్తో కెలికాడు. తను కుట్టిన చొక్కాల ముక్కలు చాలా కనిపించాయి. బెల్టు కనపడలేదు.

మర్నాడు ఇంకో తెలివితక్కువ పని మొదలుపెట్టాడు. పాత తోలుముక్క ఒకటి సంపాదించి, సూది కాల్చి, ఒక కన్నం పొడిచాడు. రెండోది ఎంత దూరంలో ఉండేది? అరంగుళమా? అంతకు తక్కువా? సూది చల్లారిపోయింది. మళ్ళీ కాల్చాడు. మళ్ళీ చల్లారింది. ఏడు నెలల ఆదివారాలు ఆ మంచం పక్కన కూర్చున్నాడు. వాచీ ఏమిటో చెప్పమంటే స్ప్రింగుతో సహా చెప్పగలడు. అది పెట్టుకున్న చెయ్యి ఎంత లావుందో ఎన్నడైనా చూస్తేగా! తోలుముక్కను నాలుగు ముక్కలుగా కత్తిరించి పారేశాడు.

"కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నమాట" అన్నాడు ఆ ఆదివారం సభలో మందుల షాపాయన, తేలిక చేద్దామని. ఎవరూ నవ్వలేదు. "నేనడిగాను కదయ్యా, వదిలేద్దామా అని" అన్నాడు ఒంటికన్నాయన మెల్లగా. అడిగాడు, నిజమే. ఇంట్లో భార్యా అడిగింది. ఆపై ఆదివారాలు టైలరు సభకు వెళ్ళడం మానేసి పొద్దున్నే అక్కింటికి వెళుతున్నాడు. కూర్చోవాల్సిన రోజుల్లో కుర్చీ అంచునే కూర్చున్నాడు. ఇప్పుడు అరగంట కాదు, మూడేసి గంటలు కూర్చుంటున్నాడు.

అక్క కోపం పెట్టుకోలేదు. టీ ఇస్తుంది, కూతురి కబుర్లు చెబుతుంది, చొక్కా గుండీ ఊడితే "టైలరువట, సిగ్గులేదూ" అని తనే కుడుతుంది. వాచీని గుండీల డబ్బాలో వేసింది. కీ ఇవ్వదు. ఇవ్వమని అడిగే ధైర్యం తమ్ముడికి లేదు.

మొన్న వెళ్ళినప్పుడు గోడగడియారం కొత్త చప్పుడు చేస్తోంది.

"ఇది ఆగిపోయిందా అక్కా? ఎప్పుడు?"

"పదిరోజులైంది. వీధి చివర రేడియోలు బాగుచేసే ఆయన వచ్చి చూశాడు."

"నాకు చెప్పకపోయావా?"

అక్క చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"ఏం చెయ్యాలమ్మా అని అడిగాడు. నడిస్తే చాలన్నా. నడిపించి వెళ్ళిపోయాడు."

గడియారం రెండు నిమిషాలు ముందుంది. దాన్ని సరిచేయడానికి ముల్లు వేలితో తాకితే చాలు, స్టూలు కూడా అక్కర్లేదు. టైలరు రెండు చేతులూ మోకాళ్ళ మధ్య పెట్టుకుని దాని కిందే కూర్చున్నాడు.

"బాగా చేశాడక్కా" అన్నాడు.